చేతిఫోను నడిచిన దారి – 14: తెంచుకుంటే ఎంత?

నంబరులో మొదటి ఐదంకెలు వింటే చాలు, కంపెనీ ఏదో చెప్పేసే రోజులుండేవి. 98480 అంటే టాటా సెల్యులార్, తర్వాత అదే ఐడియా. 98490 అంటే జేటీ మొబైల్స్, తర్వాత ఎయిర్‌టెల్. 94400 బీఎస్ఎన్ఎల్, 98850 హచ్, 92460 టాటా ఇండికామ్, 93910 రిలయన్స్. చిక్కడపల్లిలో విజిటింగ్ కార్డులు అచ్చేసే ప్రెస్సుల వాళ్లకూ, నారాయణగూడ చౌరస్తా చుట్టూ అద్దె ఇళ్లు చూపించే బ్రోకర్లకూ, అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కు చదివే పిల్లలకూ ఈ అంకెలన్నీ నోటికొచ్చు.

ఈ కంపెనీలు మన గడప తొక్కిన తీరు గత భాగాల్లో చెప్పుకున్నాం. వాటిని వదిలించుకోవడం ఎలా ఉండేదన్నది ఈ వారం సంగతి. అమెరికాలో దీనికి సూటిగా ఒక రుసుము ఉండేది. రెండేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టి, గడువుకు ముందే మానేస్తే ఇంత కట్టాలని బిల్లు వచ్చేది. మన దగ్గర ఆ పేరుతో బిల్లు అందుకున్నవాళ్లు చాలా తక్కువ. అందుకని మనం ఊరికే బయటపడ్డామని అనుకోవడానికి లేదు. ఆ డబ్బు మన నుంచి వేరే వేరే పేర్లతో రాబట్టారు. ఒకచోట చట్టం అడ్డుపడితే ఇంకోచోట తేలింది. పాతికేళ్ల ఆ కథను చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ అనే ఈ మూడు హైదరాబాద్ పేటల మీదుగా చెబితేనే బాగా అర్థమవుతుందని నా నమ్మకం. ఏటా వేలమంది కొత్తగా వచ్చి దిగే పేటలివి, వేలమంది ఖాళీ చేసి వెళ్లే పేటలు కూడా. వచ్చి పోయేవాళ్లకే కదా తెంచుకునే అవసరం ఎక్కువ.

మొదటిది డిపాజిట్టు. 1995 జులై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌కు చేసిన కాల్‌తో దేశంలో సెల్ సేవ మొదలైంది. తొలి ఏళ్లలో రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయల 80 పైసల దాకా పడేది. మనకొచ్చిన కాల్ ఎత్తినా డబ్బులే. 1999 మార్చి టారిఫ్ ఉత్తర్వుతో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిమిషం ధరను 6 రూపాయలకు దించింది. అయినా ఇన్‌కమింగ్ ఉచితం కావడానికి 2003 మే 1 దాకా ఆగాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో పోస్ట్‌పెయిడ్ తీసుకుంటే డిపాజిట్టు కట్టాలి, ఎస్టీడీ కావాలంటే ఇంకొంత, ఐఎస్‌డీకి మరికొంత. రెండు నెలలు బిల్లు చూసి గుండె జారి మానేద్దామనుకున్నవాడికి ఆ డిపాజిట్టే అడ్డం. అశోక్‌నగర్ హాస్టల్లో ఉన్న ఎవరినడిగినా ఈ లెక్క చెబుతారు. గదిలో చేరేటప్పుడు అడ్వాన్సు కడతాం, ఖాళీ చేసేటప్పుడు నెల ముందు చెప్పలేదనో గోడకు సున్నమనో కోత పడుతుంది. సెల్ కంపెనీ డిపాజిట్టూ అలాగే, ఇచ్చేటప్పుడు మన డబ్బు, అడిగేటప్పుడు వాళ్ల డబ్బు. కనెక్షన్ మూసేయమని అడిగిన ఏడు రోజుల్లో మూసేయాలి, ఆ తర్వాత 60 రోజుల్లో డిపాజిట్టు తిరిగివ్వాలి అని ట్రాయ్ నాణ్యతా ప్రమాణాల్లో కచ్చితంగా రాసింది 2009లో. సెల్ వచ్చిన పద్నాలుగేళ్లకు.

ప్రీపెయిడ్ కార్డు రావడంతో సామాన్యుడు ఈ బెడద నుంచి బయటపడ్డాడు. డబ్బు ముందే ఇచ్చేశాం, బాకీ లేదు, ఇష్టం లేకపోతే సిమ్ తీసి పారేయొచ్చు. దేశంలో నూటికి తొంభై మందికి పైగా ప్రీపెయిడ్ వైపే ఉండిపోవడానికి చవక ఒక్కటే కారణం కాదు. నెల చివర ఏ కాగితం వస్తుందో అన్న భయం లేకపోవడం అంతకన్నా పెద్ద కారణం. ఊళ్లో నాన్న పంపే డబ్బుతో చిక్కడపల్లిలో గది తీసుకుని, రోజంతా సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని చదివే కుర్రాడికి పది రూపాయల టాపప్ అంటే పది రూపాయల ఖర్చే. పదకొండో రూపాయి ఎవరూ అడగరు.

ఈ స్వేచ్ఛకు ఎదురుగా వచ్చింది రిలయన్స్ ఇన్ఫోకామ్. ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. మన దేశంలో ఫోన్ ఒప్పందమనేది నిజంగా జనం మెడకు చుట్టుకున్నది ఆ ఒక్కసారే.

2002 డిసెంబర్ 28, ధీరూభాయ్ అంబానీ 70వ జయంతి. ఆరోజు ప్రకటించిన పయొనీర్ పథకం మూడేళ్లకు 21,000 రూపాయలు. హ్యాండ్‌సెట్టు అందులోనే, రిలయన్స్ నుంచి రిలయన్స్‌కు ఎస్టీడీ నిమిషానికి 40 పైసలు. ఎస్టీడీ బూత్ ముందు రాత్రిపూట రేటు తగ్గే వేళ కోసం వరసలో నిలబడిన జనానికి 40 పైసల ఎస్టీడీ అంటే నమ్మశక్యం కాని మాట. అంత మొత్తం ఒకేసారి ఇవ్వలేనివాళ్ల దగ్గర పోస్ట్ డేటెడ్ చెక్కులు తీసుకున్నారు. అమ్మినవాళ్లలో చాలామంది మామూలు మనుషులు, కమిషన్ మీద పనిచేసే ఏజెంట్లు. ఆఫీసులో సహోద్యోగి, అపార్టుమెంటులో పక్క ఫ్లాటాయన, వేలు విడిచిన మేనమామ. తెలిసినవాడు అడిగితే కాదనలేక చెక్కు రాసినవాళ్లు ఎందరో.

చెక్కు సంగతే అసలు సంగతి. మామూలు ఒప్పందం మీరితే కంపెనీ సివిల్ కోర్టుకు వెళ్లాలి, నష్టం రుజువు చేయాలి, ఏళ్లు పడుతుంది. చెక్కు తిరిగొస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ ఉంది, అది క్రిమినల్ కేసు. ఆ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష ఏడాది నుంచి రెండేళ్లకు పెరిగింది కూడా 2003 ఫిబ్రవరిలోనే. ఫోన్ నచ్చలేదు, సిగ్నల్ అందడం లేదు, ఇక చాలనుకున్న మనిషికి రుసుము ఎంతో ఏ కాగితం మీదా రాసి లేదు. బ్యాంకులో వరసగా ఒక్కో తేదీకి తన సంతకంతో ఎదురుచూస్తున్న చెక్కులే ఆ రుసుము.

రెండో ముడి ఫోన్లోనే ఉంది. రిలయన్స్, టాటా ఇండికామ్ వాడిన సీడీఎంఏ పద్ధతిలో మనకిచ్చిన హ్యాండ్‌సెట్టుకు సిమ్ కార్డు ఉండదు. నంబరు ఫోన్లోనే కూర్చుంటుంది. కంపెనీ మారాలంటే నంబరూ పోతుంది, వేలు పోసిన ఫోనూ పనికిరాకుండా పోతుంది. ఈ సీడీఎంఏ మొబైల్ సేవను దేశంలో మొదట మొదలుపెట్టింది మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్లోనే, టాటా టెలీసర్వీసెస్ అని చెప్పుకోవాలి. జగదీశ్ మార్కెట్‌లో ఎంత చేయి తిరిగిన మెకానిక్ దగ్గరికి వెళ్లినా, జీఎస్ఎం ఫోన్ లాక్ విప్పినంత తేలిగ్గా దీన్ని విప్పలేకపోయేవాడు.

2003 జులైలో రిలయన్స్ మాన్సూన్ హంగామా పథకం. 501 రూపాయలు చేతిలో పెడితే ఫోన్ చేతికొస్తుంది, మిగతాది నెలనెలా బిల్లులో. కూరగాయల బండివాడి దగ్గరా, ఆటోడ్రైవర్ జేబులోనూ సెల్ మోగిన రోజులవి. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. ఫోన్ అనేది ఉన్నవాళ్ల వస్తువు అన్న గోడను కూల్చింది ఆ వర్షాకాలమే. కానీ 501 అని బోర్డు మీద పెద్దక్షరాల్లో చూసి చేరినవాళ్లలో చాలామందికి అది ఏళ్ల తరబడి నడిచే అప్పు అని తెలియదు. బిల్లులు ఆగాయి. కంపెనీ పెద్ద సంఖ్యలో కనెక్షన్లు కోసేసింది, రాని బాకీలతో తానూ నష్టపోయింది. చిరునామా మార్చి గదులు ఖాళీ చేసి వెళ్లిపోయే అద్దె మనుషుల దేశంలో అమెరికా తరహా ఒప్పందం నడవదని మిగతా కంపెనీలు అప్పుడు నేర్చుకున్నాయి. ఆ తర్వాత అంత పెద్ద ఎత్తున మళ్లీ ఎవరూ ప్రయత్నించలేదు.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్‌లో 74వ సెక్షన్ ఉంది. ఒప్పందం మీరితే ఇంత కట్టాలని ముందే రాసుకున్నా, కోర్టు ఆ అంకెను గుడ్డిగా ఇప్పించదు. ఆ అంకె దాటకుండా, సబబైన పరిహారం ఎంతో అంతే ఇప్పిస్తుంది. 1963లో ఫతేచంద్ కేసులో సుప్రీంకోర్టు దీన్నే విడమరిచి చెప్పింది. అంటే మన నేల మీద తెంపుడు రుసుమును ప్రశ్నించే హక్కు సెల్‌ఫోన్ కంటే వందేళ్లు పాతది. కానీ 500 రూపాయల కోసం కోర్టు మెట్లెక్కేదెవరు? కంపెనీల ధైర్యమంతా అక్కడే.

అమెరికా వైపు ఒకసారి చూసొద్దాం, మన పిల్లలు అక్కడే ఆ రుసుము రుచి చూశారు గనుక. హైదరాబాద్‌లో జీఆర్ఈకి చదివి టెక్సాస్‌కో న్యూజెర్సీకో వెళ్లిన కుర్రాళ్లు దిగగానే చేసే పని నలుగురైదుగురు కలిసి ఒక ఫ్యామిలీ ప్లాన్‌లో దూరడం. పేరు ఒకరిది, లైన్లు అందరివీ. వాళ్లలో ఒకడికి వేరే రాష్ట్రంలో ఉద్యోగమొచ్చి బయటికి పోతానంటే ఆ లైను తెంచిన రుసుము ఎవరు కట్టాలన్నది రూమ్మేట్ల మధ్య పెద్ద పంచాయితీ. రుసుము 175 డాలర్లు, 200 డాలర్లు. 2009 నవంబర్‌లో వెరైజన్ స్మార్ట్‌ఫోన్లకు దాన్ని 350 డాలర్లకు పెంచింది. నెలకు పది డాలర్ల చొప్పున తగ్గుతుందన్నారు. ఆ లెక్కన 23 నెలలు నమ్మకంగా బిల్లు కట్టి చివరి నెలలో మానేసినా 120 డాలర్లు ఇచ్చుకోవాలి. సబ్సిడీ మీద ఇచ్చిన ఫోన్ ఖరీదు రాబట్టుకుంటున్నామన్న కంపెనీల వాదన ఇక్కడ నిలవదు. 23 నెలలకు ఎంత ఖరీదు మిగులుతుంది? అంతకు ముందే 2008లో కాలిఫోర్నియాలో అలమేడా కౌంటీ కోర్టు స్ప్రింట్ రుసుము చట్టవిరుద్ధమైన జరిమానా అని తేల్చింది, నిజంగా కలిగిన నష్టాన్ని లెక్కగట్టి పెట్టిన అంకె కాదు గనుక. మన 74వ సెక్షన్ చెప్పే మాటకు అది దగ్గరి మాటే. 2013 మార్చిలో టీ-మొబైల్ ఒప్పందాలే వద్దంది. మరుసటి జనవరిలో, మా దగ్గరికి రండి, మీ పాత కంపెనీ రుసుము మేం కడతాం అని లైనుకు 350 డాలర్ల దాకా ఇవ్వజూపింది. రెండు మూడేళ్లలో అక్కడ ఆ పద్ధతి కనుమరుగైంది.

అదే కాలంలో మన దగ్గర చిత్రం వేరు. 2008 ఆగస్టు 22న ఐఫోన్ త్రీజీ వచ్చింది. అమెరికాలో రెండేళ్ల ఒప్పందంతో 199 డాలర్లకు అమ్మిన 8 జీబీ ఫోన్‌ను ఎయిర్‌టెల్, వొడాఫోన్ 31,000 రూపాయలకు అమ్మాయి. ఒప్పందం లేదు, సబ్సిడీ లేదు. అయినా ఫోన్ మాత్రం ఆ కంపెనీ సిమ్ తప్ప వేరేది తీసుకోకుండా లాక్ చేసి ఇచ్చారు. పూర్తి వెల తీసుకుని కూడా తాళం తమ దగ్గర ఉంచుకోవడం ఏ న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చెక్కులు పోయాయి, సిమ్ మార్చుకోవచ్చు. ఇక మనిషిని పట్టి ఉంచింది నంబరు. పెళ్లి సంబంధాల బ్యూరోకు ఇచ్చిన నంబరు, హాల్ టికెట్ దరఖాస్తులో రాసిన నంబరు, షాపు బోర్డు మీద పెయింటర్‌తో రాయించిన నంబరు. కంపెనీ నచ్చక మానేస్తే ఇవన్నీ పోతాయి. ఏ బిల్లులోనూ కనపడని రుసుము ఇది. ఈ ముడి విప్పడానికి ట్రాయ్ 2009 సెప్టెంబర్‌లో నంబర్ పోర్టబిలిటీ నియమాలు తెచ్చింది. 2010 నవంబర్ 25న హర్యానాలో, 2011 జనవరి 20న దేశమంతటా అమల్లోకి వచ్చింది. గరిష్ఠ రుసుము 19 రూపాయలు. నాలుగు రోడ్ల మూలల్లో గొడుగులు పాతి, బల్లలేసుకుని కూర్చున్న సిమ్ కుర్రాళ్ల దగ్గర ఆ నెలల్లో ఇలాంటి మాటలు ఎక్కడ చూసినా వినపడేవి.

“అన్నా, పోర్ట్ జేస్తే నంబర్ పోదు గద?”

“పోదు తమ్మీ. పాత సిమ్ముల కెళ్లే మెసేజ్ కొట్టు. పోర్ట్ అని కొట్టి, జాగ ఇచ్చి, నీ నంబర్ ఏసి 1900కు పంపు. కోడ్ వస్తది, అది నాకు చెప్పు.”

“పోస్ట్‌పెయిడ్ అన్నా నాది. బిల్లు జర బాకీ ఉంది.”

“గట్లయితే ముందు అది కట్టేసి రా. లేకుంటె రిజెక్ట్ అయితది.”

కుర్రాడు చెప్పిన దాంట్లో తప్పు లేదు. బాకీ ఉంటే కుదరదు, చేరి 90 రోజులు కాకపోయినా కుదరదు. వాటి పక్కనే ఇంకో మాట కూడా ఉంది. చందాదారు ఒప్పందంలో బయటికి పోయే షరతు ఏదైనా ఉండి, దాన్ని పాటించకపోతే కంపెనీ పోర్టింగ్‌ను తిరస్కరించవచ్చు. నేను ఈ వారం కథంతా దేని చుట్టూ తిప్పుతున్నానో ఆ రుసుముకు మన నియమాల్లో దొరికిన చిన్న కిటికీ ఇదే. దాన్ని ఆసరా చేసుకుని రెండేళ్ల ఒప్పందాలు పుట్టుకొస్తాయేమోనని అనుకోవచ్చు. ప్రీపెయిడ్ జనం ఆ అవకాశం ఇవ్వలేదు. 2014లో రాష్ట్రం రెండైనా టెలికాం పటంలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఒక్కటిగానే ఉండిపోయింది గనుక, అశోక్‌నగర్‌లో తీసుకున్న సిమ్‌తో శ్రీకాకుళం వెళ్లినా ఇబ్బంది రాలేదు. 2015 జులై 3 నుంచి దేశంలో ఎక్కడికి వెళ్లినా అదే నంబరు. 2019 డిసెంబర్‌లో పోర్టింగ్ రుసుమును 6 రూపాయల 46 పైసలకు దించారు.

గడువుకు ముందు తెంచుకుంటే ఇంత అని అచ్చంగా రాసిన పట్టిక మన దేశంలో పేదవాడి ఫోన్‌కే వచ్చింది. 2017లో జియోఫోన్ ఉచితం అన్నారు, 1,500 రూపాయల డిపాజిట్టు మూడేళ్ల తర్వాత తిరిగిస్తామన్నారు. ఆ సెప్టెంబర్‌లో షరతులు బయటికొచ్చాయి. ఏడాదికి కనీసం 1,500 రూపాయల రీచార్జి చేయాలి. మొదటి ఏడాదిలో ఫోన్ తిరిగిచ్చేస్తే 1,500 రూపాయల రుసుము, రెండో ఏడాదిలో 1,000, మూడో ఏడాదిలో 500, పైన జీఎస్టీ. డిపాజిట్టుతో కలిపి చూస్తే మొదటి ఏడాది మానేసినవాడికి ఒక్క రూపాయి తిరిగిరాదు సరికదా పన్ను ఎదురు కట్టుకోవాలి. 350 డాలర్ల రుసుముకు అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థే వివరణ అడిగింది. ఇక్కడ ఆ పట్టిక గురించి నాలుగు రోజులు వార్తలొచ్చి ఆగిపోయాయి.

ఇక కంపెనీయే మనల్ని వదిలి వెళ్లిపోతే? 2005 చివర్లో 999 రూపాయలకు జీవితకాల వ్యాలిడిటీ అమ్మారు. ఆ జీవితం మనది కాదు, కంపెనీ లైసెన్సుదని 2006 మార్చి ట్రాయ్ ఉత్తర్వు చదివినవాళ్లకే తెలిసింది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. 2017 చివర్లో రిలయన్స్ కమ్యూనికేషన్స్ వాయిస్ సేవ ఆపేసింది. 2018 ఫిబ్రవరి ఆఖరున ఎయిర్‌సెల్ దివాలా పిటిషన్ వేసింది, సిగ్నల్ లేని ఫోన్లు పట్టుకుని జనం పోర్టింగ్ కోడ్ కోసం తంటాలు పడ్డారు. గడువుకు ముందే తెంచుకున్న ఈ కంపెనీల్లో ఒక్కటీ చందాదారుకు ‘ఇదిగో నీ రుసుము’ అని పైసా చేతిలో పెట్టలేదు. 2018 చివర్లో మిగిలిన పెద్ద కంపెనీలు, నెలకు కనీసం 35 రూపాయలు వేయకపోతే ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుందన్నాయి. 999 కట్టి జీవితకాలం కొనుక్కున్న పెద్దాయనకు కూడా అదే మెసేజ్ వెళ్లింది.

ఆ 35 పెరుగుతూ పోయి, 2024 జులైలో ఎయిర్‌టెల్ కనీస నెలసరి ప్లాన్ 28 రోజులకు 199 రూపాయలైంది. ఈలోగా నంబరు బరువూ పెరిగింది. బ్యాంకు ఓటీపీ దానికే, ఆధార్ దానికే, పబ్లిక్ సర్వీస్ కమిషన్ వన్ టైమ్ రిజిస్ట్రేషన్ దానికే. గ్రూప్-1 రాసిన ఓ అమ్మాయి పరీక్ష అయ్యాక ఊరెళ్లిపోయి, ఇంట్లో వాడుకునే ఇంకో సిమ్ ఉన్నా, అశోక్‌నగర్‌లో తీసుకున్న నంబరును చావకుండా కాపాడుకోవాల్సిందే. ఫలితాల మెసేజ్ దానికే వస్తుంది. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు వాడకపోయినా, ఖాతాలో 20 రూపాయలుంటే రద్దు చేయకుండా ఉంచే పద్ధతి పెట్టాలని 2013లో ట్రాయ్ చెప్పింది. పోస్ట్‌పెయిడ్ వాళ్లకు మూడు నెలలకు 150 రూపాయలకు మించకుండా సేఫ్ కస్టడీ ఉంది. కౌంటర్ల దగ్గర ఈ రెండూ అడిగేవాళ్లూ లేరు, చెప్పేవాళ్లూ లేరు. నంబరు బతికుంటే సరిపోదు, ఓటీపీ రావాలంటే ప్లాన్ ఉండాలి. డేటా అక్కర్లేనివాళ్లకు వాయిస్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉన్న ప్యాకులు అమ్మి తీరాలని 2024 డిసెంబర్‌లో ట్రాయ్ నియమం చేశాక కంపెనీలు 84 రోజుల ప్యాకులు తెచ్చాయి. అవీ నాలుగు వందలకు పైనే. మెసేజ్ అందుకోవడానికి మాత్రమే నంబరు ఉంచుకునే మనిషికి ఇది ఎక్కువ. అలాంటి వాళ్లకు వేరే ధర నిర్ణయించాల్సిన బాధ్యత ట్రాయ్‌ది.

పోట్లాడాలనుకున్నవాళ్లకు దారి మాత్రం మునుపటికన్నా బాగుపడింది. 2009 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఎం. కృష్ణన్ కేసులో, టెలిఫోన్ బిల్లు తగాదాలకు టెలిగ్రాఫ్ చట్టం కింద మధ్యవర్తిత్వం ఉంది, వినియోగదారుల ఫోరం వినకూడదంది. దాన్ని చూపించి ప్రైవేటు సెల్ కంపెనీలు కూడా ఫిర్యాదులు కొట్టేయించుకున్నాయి. 2022 ఫిబ్రవరి 16న వొడాఫోన్ ఐడియా కేసులో అదే కోర్టు, వినియోగదారుల కమిషన్ తలుపులు మూసుకోలేదని తేల్చింది. మధ్యలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చి, జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా విధించే ఒప్పందాన్ని అన్యాయ ఒప్పందాల జాబితాలో చేర్చింది. అలాంటి ఒప్పందం మీద ఫిర్యాదు రాష్ట్ర కమిషన్ స్థాయిలో వేయాలి. జిల్లా కమిషన్‌కు ఆ అధికారం ఇవ్వలేదు. హాస్టల్ అడ్వాన్సు కోతకైనా, కోచింగ్ ఫీజు వాపసు ఇవ్వకపోయినా, ఫోన్ కంపెనీ షరతుకైనా అదే చట్టం, అదే మాట.

వచ్చే వారం: పసుపు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు, వాటిని నడిపిన మనుషులు.